మా వదిన, నిన్నటి బ్రెడ్డు

హాస్టల్లో ఉన్న మా అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. రూమ్మేట్లతో కలిసి ఇండక్షన్ స్టవ్ మీద ఫ్రెంచ్ టోస్టు చేసుకుంటున్నారట. "అమ్మా, పైన మాడిపోతోంది, లోపలేమో గుడ్డు పచ్చిగా ఉంటోంది, ఎందుకు?" అని అడిగింది. జవాబు చెబుదామని నోరు తెరిచాను. "ముందు ఆ బ్రెడ్డు ఏనాటిదో సెప్పు" అని వచ్చింది.

ఆ మాటా నాది కాదు, ఆ యాసా నాది కాదు. బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ నా నాలుక పుస్తకానికి అలవాటు పడిపోయి చాలా కాలమైంది. ఆ మాట మా వదినది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. పోయాక కూడా నా వంటింట్లోంచి కదల్లేదని ఆ పూట తెలిసి నాకు ఒళ్ళు మండింది.

వదినంటే మా ఆయనకి అక్క. కొత్తవలసలో ఉండేది. ఆవిడ భర్తని నేను అన్నయ్యగారు అంటాను. ఆయన గూడ్సు రైళ్ళలో గార్డు. కిరండూల్ లైన్లో ఖనిజం బండి మీద వెళ్తే మళ్ళీ ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన అటు డ్యూటీకి వెళ్ళడం, ఈవిడ ఇటు ఇంటికి తాళం వేసి పాసింజరెక్కి మా ఊరు గరివిడిలో దిగడం. వస్తున్నానని ముందుగా ఒక్క ఫోన్ చేసిన పాపాన పోలేదు. శనివారం నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఆవిడ చెప్పులుండేవి. నా ఆదివారం అక్కడే అయిపోయేది.

చెప్పుల పక్కన సంచి, సంచిలో బ్రెడ్డు. ముక్కలు కొయ్యని నిండు దిమ్మ. కోసిన బ్రెడ్డంటే ఆవిడకి అసహ్యం. "ఆ ముక్క పట్టుకుని సూడు, అవతల మనిషి కనబడతాడు. అది పాల్లో ముంచితే ఏటుంటాది? సెయ్యి కడుక్కోడమే" అనేది.

సరే, తెచ్చింది కదా, పిల్లలకి రెండు ముక్కలు కోసి పెడదామంటే కుదరదు. ఆ దిమ్మని పల్చటి గుడ్డలో చుట్టి మా పడగ్గదిలో బీరువా మీద పెట్టేది. స్టూలు వేసుకుంటే గానీ అందదు. పిల్లలు కింద నిలబడి మెడలెత్తి చూసేవాళ్ళు.

"అత్తా, ఒక్క ముక్క."

"ఈయాల కాదు. రేపు. కొంచెం ఎండితేగాని పాలు పీల్చదు. తాజా రొట్టి సచ్చినా టోస్టుకి పనికిరాదు."

ఒకసారి మా అబ్బాయికి జ్వరం వచ్చింది. మా వైపు బ్రెడ్డంటే అసలు జ్వరం తిండి. డాక్టరు కూడా పాలూ బ్రెడ్డూ పెట్టమన్నాడు. ఇంట్లో బీరువా మీద బ్రెడ్డు ఉంది. వాడు మంచం మీద మూలుగుతున్నాడు. ఆవిడ ఆ రెంటికీ మధ్య నిలబడి "జొరానికి బన్ను సాలు. తమ్ముడిని కొట్టుకి పంపు. ఇది టోస్టుకి" అంది. మా ఆయన చొక్కా వేసుకుని కొట్టుకి వెళ్ళాడు. అక్క ముందు ఆయన ఎప్పుడూ ఏడో తరగతి కుర్రాడే.

ఆదివారం పొద్దున్న ఇక నా వంటిల్లు నాది కాదు. పాలు సన్న సెగ మీద మరిగి మరిగి సగమయ్యేదాకా ఎవరికీ టీ కూడా లేదు. ఆ పాలు చల్లారాలి. "ఏడి పాలల్లో గుడ్డు కొడితే ఇరిగిపోద్ది" అని విసనకర్రతో విసురుతూ కూర్చునేది. తర్వాత గుడ్లు, చిటికెడు ఉప్పు, దంచిన యాలకులు. పంచదార మాత్రం అందులో వెయ్యనిచ్చేది కాదు. వేస్తే పంచదార ముందు మాడుతుందట, గుడ్డు లోపల పచ్చిగా ఉండిపోతుందట. బ్రెడ్డు బొటనవేలు మందాన కోసి, అటూ ఇటూ తడిపి, పళ్ళెంలో పక్కన పెట్టి, పాలు లోపలిదాకా దిగేవరకూ దాని వైపే చూస్తూ ఉండేది. పెనం మీద నెయ్యి, నెయ్యి నల్లబడకుండా రెండు చుక్కల నూనె. మంట ఉందా లేదా అన్నంత సన్నగా. ఒక విడతకి రెండు ముక్కలే. రెండు వైపులా కాలాక అప్పుడు పైన పంచదార చల్లి, తిరగేసి, అది కరిగి, ఎర్రబడి, పెళుసుగా పట్టేదాకా.

ఇదంతా అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. ఆదివారం ఒక్కరోజు నాకు మిగిలేది, బట్టలు, పరీక్ష పేపర్లు, వారం సరిపడా పప్పులు బాగుచేసుకోవడం. అవన్నీ వదిలేసి ఆవిడ పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడాలి. నిలబడకపోతే "నేర్సుకోవేటే? రేపు నాను పోతే ఈల్లకెవులు సేస్తారు" అనేది.

నేను నేర్చుకోలేదని కాదు. నాకు పొద్దున్నే బస్సుంది. పాలూ గుడ్డూ పంచదారా కలిపి గిలక్కొట్టి, కొట్లో కోసిన బ్రెడ్డే ముంచి, పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో తీసేసేదాన్ని. పిల్లలు తినేవాళ్ళు. ఆవిడ ఉన్నప్పుడు ఒకసారి అలా చేశాను. ప్లేటు ఎత్తి, ముక్కని ఒక మూల పట్టుకుని గాల్లో ఆడించి, "ఇది టోస్టేటి? వోనలో తడిసిన అట్టముక్క" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. అప్పటిదాకా దాన్ని ఇష్టంగా తిన్నవాళ్ళే.

ఈ టోస్టు గొడవని ఎలాగో సర్దుకునేదాన్నేమో. సర్దుకోలేనిది ఇంకొకటుంది. ఆవిడ ఎవరి మాటా చివరిదాకా వినేది కాదు. మనం మొదలుపెడితే ఆవిడ పూర్తి చేసేది. అదైనా సరిగ్గా చేసేదా అంటే, అదీ లేదు. "వదినా, రేపు మా" అనగానే "తెలుసు, మీ బడికి ఇన్స్పెట్టరొస్తాడు. ఎల్లిరా, వంట నాను సూసుకుంతాను" అనేది. నేను చెప్పబోయింది రేపు మా అమ్మ భోజనానికి వస్తోందని. మర్నాడు అమ్మ వచ్చేసరికి నలుగురికి వండిన అన్నం. వదిన అమ్మ ముందే నన్ను నిలదీసింది, ముందుగా చెప్పవేటని.

ఇక మా పద్మ సంగతి. పద్మ నా చెల్లెలు, చీపురుపల్లిలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. అమ్మా తనూ అక్కడే అద్దెకుండేవాళ్ళు. పద్మకి చిన్నప్పట్నుంచీ నత్తి. మాట మొదట్లో పట్టేస్తుంది. కాస్త ఆగితే వచ్చేస్తుంది. ఇంట్లో మాకందరికీ ఆగడం అలవాటు, ఆగుతున్నామని కూడా తెలియదు. వదిన ఆగగలదా? పద్మ "ప... ప..." అనగానే "పాలా? పంచదారా? పళ్ళెమా?" అని అన్నీ తెచ్చి ముందు పెట్టేది. పద్మ అడగబోయింది పక్కకి జరగమని. పద్మ మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత ఆవిడ ఉన్నప్పుడు మాట్లాడటమే తగ్గించేసింది.

ఆ రోజుల్లోనే పద్మకి శ్రీకాకుళం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఎరువుల కంపెనీలో ఉద్యోగం. నత్తి సంగతి మధ్యవర్తి ముందే చెప్పాడు, ఫర్వాలేదన్నారు. అమ్మ వాళ్ళిల్లు ఇరుకు కాబట్టి పెళ్ళిచూపులు మా ఇంట్లో పెట్టుకున్నాం. నేను మిఠాయి కొట్లో లడ్డూలు, కారప్పూస తెప్పించి పెట్టాను. ముందురోజు మధ్యాహ్నం గుమ్మంలో చెప్పులు. ఈసారి సంచిలో రెండు దిమ్మలు.

"కొట్లో లడ్డూలు పెట్టి పిల్లని సూపిస్తారేటి? ఆలింట్లో ఎప్పుడూ తిననిది పెట్టాల" అంది. నేను కాదన్నాను. బతిమాలాను. అమ్మ చేత చెప్పించాను. బీరువా మీద దిమ్మలు రెండూ అలాగే ఉన్నాయి.

అబ్బాయి, వాళ్ళమ్మ, మేనమామ వచ్చి కూర్చున్నారు. మాటలు అయిపోయాయి, ఎండల గురించి అయింది, రైళ్ళ గురించి అయింది. వంటింట్లో పెనం మీద రెండేసి ముక్కలు. మేనమామ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతున్నాను.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, కాస్త మంట పెంచు."

"పెంచితే లోపల పచ్చిగుంటాది. సుట్టాలకి పచ్చిగుడ్డు పెడతావేటి?"

మొత్తానికి వదిన ప్లేట్లు పట్టుకొచ్చింది. అబ్బాయి తల్లి కొరికి, ఆగి, మళ్ళీ కొరికింది. "ఏటిది, ఇంత బాగున్నాది" అంది. వదిన ఇక వంటింట్లోకి వెళ్ళలేదు. అట్లకాడ పట్టుకుని అక్కడే గోడకానుకుని నిలబడింది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు ఆ తల్లి పద్మ వైపు తిరిగి పేరడిగింది.

"ప... ప... పద్మ."

"ఏటీ? ఇనబళ్ళేదు. ఇంకోపాలి సెప్పు."

పద్మ మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆ తల్లి మేనమామ వైపు చూసి నవ్వింది. టోస్టు నములుతూ "ఇంకోపాలి" అంది.

పద్మ చెవులు ఎర్రబడ్డాయి. గట్టిగా ఊపిరి తీసుకుంది. అంతలో వదిన ముందుకొచ్చి ఆ తల్లి చేతిలోంచి ప్లేటు తీసేసుకుంది. అందులో ఇంకా సగం ముక్క ఉంది.

"సల్లారిపోనాది, ఇంక బాగోదు. ఇటియ్యండి" అంది మామూలుగా. తర్వాత, అంతే మామూలుగా, "ఆ పిల్ల పేరు మీకు తెలుసు. తెలిసే వొచ్చినారు" అంది.

మేనమామ లేచి నిలబడ్డాడు. తల్లి ఖాళీ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అబ్బాయి తన ప్లేటు కింద పెట్టి నేల వైపు చూశాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

అమ్మ కుర్చీలో కూలబడి, ఇంక ఈ గడప ఎవరు తొక్కుతారని ఏడ్చింది. మా ఆయన "ఎందుకప్పా నీకివన్నీ" అని అక్క మీద సణిగాడు. నాకైతే వదిన మీద కోపమా, వచ్చినవాళ్ళ మీద కోపమా తేలలేదు. తేలకుండానే ప్లేట్లు తీస్తున్నాను. అప్పుడు పద్మ వదిన ముందుకెళ్ళి నిలబడింది. నేను ఆవిడకి థాంక్సు చెబుతుందనుకున్నాను.

"మూ... మూడోపాలి నాను సెప్పీదాన్ని" అంది పద్మ. "ఆవిడకి ఇ... ఇనబడేలాగే సెప్పీదాన్ని. నువ్వు సెప్పనివ్వలేదు. నన్ను మాట్లాడనివ్వకపోవడంలో ఆ... ఆవిడా నువ్వూ ఒకటే."

అది చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకచోట వదిన అలవాటుగా నోరు తెరిచి ఏదో అందించబోయింది. పద్మ చూసిన చూపుకి మూసేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ ఆపి, గిన్నెలు కడిగి, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పలేదు.

ఇంక కొన్నాళ్ళు రాదనుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. వారం తిరక్కుండా గుమ్మంలో చెప్పులు, బీరువా మీద దిమ్మ. జరిగినదాని గురించి ఒక్క మాట లేదు.

ఆ ఆదివారం పద్మా అమ్మా మా ఇంట్లోనే ఉన్నారు. వదిన పెనం మీద మొదటి విడత వేసింది. అప్పుడు వీధిలో బండి ఆగింది. ఆ అబ్బాయే, ఒక్కడే వచ్చాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. కూర్చోబెట్టాం. వాళ్ళమ్మ తరఫున క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. పద్మ తనకి నచ్చిందన్నాడు. మనిషి నెమ్మదస్తుడే, మాట మర్యాద ఉంది. వదిన హాల్లోకి వచ్చి అతని చేతికి ఒక ప్లేటిచ్చి మళ్ళీ వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

అందరం పద్మ వైపు చూశాం. పద్మ అతన్ని ఒక ప్రశ్న అడిగింది. అడగడం మొదలుపెట్టింది అనాలి. "మీ... మీ..." దగ్గరే ఆగిపోయింది. కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మ పెదవి కొరుక్కుంటోంది. నేను వదిన వైపు చూశాను, ఇప్పుడు అందించేస్తుంది, మొత్తం పాడుచేసేస్తుంది అని. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. చీరకొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకాల పెనం మీద రెండో విడత టోస్టు పొగ వస్తోంది. మాడు వాసన హాలంతా పట్టింది. ఆవిడకి ఆ వాసన తెలియకపోవడం ఉండదు. వెనక్కి మాత్రం తిరగలేదు.

"మీ అమ్మగారు రెం... రెండోపాలి అడిగినప్పుడు మీరేటి సేస్తన్నారు?" అని పద్మ పూర్తిచేసింది.

అతను ప్లేటు వైపు చూసుకున్నాడు. "టోస్టు తింటన్నాను" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు, అదొక్కటీ అతని పక్షాన చెప్పాలి. ఎవరం నవ్వలేదు.

"నాకొద్దండి" అంది పద్మ. ఆ మాట ఎక్కడా పట్టకుండా వచ్చింది.

అతను వెళ్ళాక అమ్మ రెండురోజులు మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. వదిన వంటింట్లోకి వెళ్ళి బొగ్గయిన ముక్కలు గీకి పారేసి, నా చేతికి పెనం ఇచ్చింది. "నీ పెనం పాడైపోనాది. ఇసక పెట్టి తోము" అంది. మాడ్చింది తను. తోమాల్సింది నేను.

పద్మకి తర్వాత పెళ్ళయింది. చీపురుపల్లిలోనే బట్టల కొట్టున్న అబ్బాయి. మందులు కొనడానికి వచ్చి మందులు అక్కర్లేకపోయినా వస్తూ ఉండేవాడు. ఆ పెళ్ళి ఫలహారాల్లో టోస్టు పెట్టాలని వదిన వంటవాళ్ళతో దెబ్బలాటకి దిగింది. అంతమందికి పెనం మీద రెండేసి ముక్కలు కాల్చలేమని వాళ్ళు గరిటెలు కింద పెట్టేశారు. వాళ్ళని బతిమాలి మళ్ళీ పొయ్యి దగ్గరికి పంపింది నేనే. ఇక ఆవిడ అన్నిటా మామూలే. నా మాట నోట్లో ఉండగానే తను పూర్తిచెయ్యడం, నా టోస్టుని గాల్లో ఆడించి చూపించడం, చెప్పకుండా రావడం, అన్నీ అలాగే సాగాయి. పద్మ విషయంలో ఏదైనా నేర్చుకుందేమో గాని, నా దాకా అది రాలేదు.

పోయిన ఏడు ఒక మధ్యాహ్నం వదినకి గుండెనొప్పి వచ్చింది. పక్కింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అన్నయ్యగారు బండి మీద అరకు అవతలెక్కడో ఉన్నారు. ఆయన దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. మాకు ఫోన్ వచ్చినప్పుడు నేను పదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఆవిడ ఎప్పుడూ ఏదీ ముందుగా చెప్పలేదు. ఇదీ అంతే. ఆ కోపంతోనే కొత్తవలస దాకా వెళ్ళాను. ఏడుపు ఆవిడని చూశాక వచ్చింది.

కార్యం అయిన మర్నాడు అన్నయ్యగారు అరుగు మీద కూర్చుని ఉంటే నేను టీ ఇచ్చాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడే అవకాశం ఆ ఇంట్లో ఆయనకి ఎప్పుడు దొరికింది గనక.

"నాను ఇంటికాడున్న ఆదోరాల్లో సాయంత్రం ఒక ఫోనొచ్చీదమ్మా" అన్నారు. "ఎత్తి ఊఁ అనీది. అంతే, ఇంక ఊరుకునీది. మనిషి అంతసేపు ఊరుకుంతే నాకు బయమేసీది, ఏదైనా సెడ్డ కబురేటో అని. ఒకపాలి అడిగినాను, ఎవులే అని. పద్మ అన్నాది. మరి నువ్వు మాటాడవేటంటే, 'దాని మాట అవ్వనీ' అన్నాది. నన్ను కూడా టీవీ కట్టీమనీది."

ఇన్నేళ్ళలో నేను మొదలుపెట్టిన మాట ఒక్కటంటే ఒక్కటి ఆవిడ ముందు పూర్తిచేసిన గుర్తు లేదు. అన్నం వండమని చెప్పడానికి కూడా నాకు సందివ్వని మనిషి, టీవీ కట్టేసి మరీ, ఆదివారాలు నా చెల్లెలి మాట వింటూ కూర్చుందట. ఓర్పు లేదనుకుని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. ఉంది. ఉండి నాకు పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో పద్మా నేనూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. మా ఆయన పైబెర్తు మీద పడుకున్నాడు. విజయనగరంలో బండి చాలాసేపు ఆగింది. ఉండబట్టలేక అడిగాను.

"ఆదివారాలు ఆవిడతో ఏం మాట్లాడేదానివే?"

పద్మ బయటికి చూసింది. కళ్ళు తుడుచుకుంది. మాట మొదట్లోనే పట్టేసింది. నేను ఆగాను. బండి కదిలింది.

"నీ... నీ గురించే" అంది. "ఆ వారం నువ్వు టో... టోస్టెలా పాడుసేసినావో సెప్పమనీది. సెప్పీదాన్ని."

బండి నెల్లిమర్ల దాటేదాకా నేను దాంతో మాట్లాడలేదు.